లింకను పొరుగింటివారు

అమెరికా సంయుక్తరాష్ట్రముల నడిమి భాగమున, చికాగో నగరమునకు నైరృతి దిశయందు ఇంచుమించు రెండువందల మైళ్ల దూరమున, స్ప్రింగుఫీల్డు అను పట్టణము కలదు. ఇది ఇల్లినాయి రాష్ట్రమునకు రాజధాని. చికాగోకు గల వాసి దీనికి లేదు; సముద్రము లేదు, పెద్ద నది లేదు, కొండలు మొదలే లేవు. అయినను చరిత్ర చదువుకొన్నవారికి ఇది క్షేత్రము వంటిది. ఏబ్రహాము లింకను తన జీవితమున ఇరువదినాలుగేండ్ల కాలము ఇచ్చటనే కాపురముండెను. 1861వ సంవత్సరమున దేశాధ్యక్షుడై ఇచ్చటినుండియే బయలుదేరెను. నాలుగేండ్లకు హంతకునిచేత గూలి, శవమై ఇచ్చటికే మరలివచ్చెను. ఆతని యింటిని, ఆతని సమాధిని చూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. మేమును అట్లే పోతిమి. కాని ఈ వ్యాసమున లింకనును గూర్చి చెప్పదలచినది కొంతయే. ఆతని యిరుగుపొరుగున బ్రదికిన కొందఱు నల్లజాతివారిని గూర్చియు, వారికి ఆ పట్టణము చేసినదానిని గూర్చియు చెప్పవలసినది హెచ్చుగా నున్నది.

మేము పోయినది నవంబరు నెల మూడవ వారము. మన దేశమున కార్తీకదీపములు వెలుగు దినములు. అచ్చట శరత్తు గడచిపోయి హేమంతము గుమ్మమున నిలిచియుండెను. రైలు కిటికీనుండి చూచినంతమేర నల్లని నేల, కోతకోసిన మొక్కజొన్న మోళ్లు, అక్కడక్కడ ఆకాశము నంటుచున్న ధాన్యపు గాదెలు తప్ప వేఱేమియు లేదు. ఈ మైదానమును వారు ప్రేరీ యందురు. మన రవీంద్రనాథ ఠాకూరు 1912వ సంవత్సరమున ఇదే ఋతువున ఈ మైదానముననే, అర్బానా యను విద్యాపట్టణమున, వ్యవసాయశాస్త్రము చదివిన తన కుమారునితో వచ్చి దిగెను. అచ్చటి చిన్న సమాజమందిరమున ఆయన చదివిన ప్రసంగములే తరువాత 'సాధన' యను గ్రంథమునకు ఆధారమైనవి. స్ప్రింగుఫీల్డులో మేపిలు చెట్లు ఆకులన్నియు రాల్చి నిలువగా, ఓకు చెట్లు మాత్రము ఎండిన యాకులను విడువలేక పట్టుకొనియుండెను. అయిదు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకెను. యాత్రికులు వేసవిలో రావలెనని మాతో పలువురు చెప్పిరి. మా యభిప్రాయము వేఱు. ఆకులు రాలినపుడే కదా ఇండ్ల గోడలు, వీధుల వరుస చక్కగా కనబడునవి! అదియుగాక ఈ పట్టణ చరిత్రలో పేర్కొనదగిన దినములు కొన్ని ఈ నెలలోనే వచ్చినవి. లింకను వివాహము జరిగినది 1842 నవంబరు 4వ తేదీ. ఆతడు దేశాధ్యక్షుడుగా నెన్నుకొనబడినది 1860 నవంబరు 6వ తేదీ. ఆనాటి రాత్రి ఆతడు తంతి కార్యాలయమున కూర్చుండి, నలుదెసలనుండి వచ్చు వార్తలను వినుచు చాల ప్రొద్దుపోవువఱకు మేల్కొనియుండెను.

ఆ నవంబరులకు మరియొక నవంబరును చేర్పవలెను. లింకను తన సామానంతయు జీనుసంచులలో నుంచుకొని గుఱ్ఱముపై ఈ యూరు ప్రవేశించినది 1837 ఏప్రిలులో. ఆ సంవత్సరమే నవంబరు 7వ తేదీ రాత్రి, ఇదే రాష్ట్రమున మిసిసిపీ యొడ్డునగల ఆల్టను పట్టణములో, ఎలైజా లవ్‌జాయ్ అను పత్రికాసంపాదకుని మూక చంపెను. బానిసత్వము పాపమని వ్రాయుటయే అతని నేరము. అంతకుమునుపు మూడు పర్యాయములు అతని ముద్రణయంత్రమును పాడుచేసిరి. నాలుగవదానిని కాపాడబోయి అతడు ప్రాణమునే కోల్పోయెను. ఆ యంత్రమును తునియలు చేసి నదిలో పడవేసిరి. సంస్కారము కోరు పత్రికలు ఎట్టి యెదుర్పుల నడుమ నడచునో యెఱిగిన మన చదువరులు అతని పేరు జ్ఞప్తియందుంచుకొనదగును. రెండున్నర నెలలు గడచిన పిమ్మట, 1838 జనవరి 27వ తేదీన, స్ప్రింగుఫీల్డు యువజనసభలో ఇరువదియెనిమిదేండ్ల లింకను ఉపన్యసించెను. విషయము మూకల యాగడము. న్యాయస్థానములను త్రోసివైచి జనులు గుమిగూడి తామే తీర్పు తీర్చుటకు మరగినచో, ఆ దేశమును చెఱుచుటకు వెలుపలినుండి శత్రువు రానక్కఱలేదని ఆతడు హెచ్చరించెను. ముద్రణయంత్రములను నదిపాలు చేయుటను, సంపాదకులను కాల్చుటను సయితము పేర్లెత్తకయే తడవెను. ఈ యుపన్యాసము చదువరులకు గుర్తుండవలెను. డెబ్బదియేండ్లకు ఇదే పట్టణములో దానికి భాష్యము వ్రాయబడినది.

లింకను ఇల్లు ఎనిమిదవ వీధియు జాక్సను వీధియు కలియు మూలనున్నది. కొయ్యతో కట్టిన యిల్లు. గొప్పదియు కాదు, బీదదియు కాదు. తన పెండ్లి జరిపించిన మతాచార్యుని యొద్దనే ఆతడు దీనిని 1844లో కొనెను. మొదట నొక యంతస్తును, దానిపై అటుకవంటి గదులును మాత్రమే యుండినవి. వకీలు వృత్తిలో రాబడి పెరిగిన పిమ్మట 1856లో రెండంతస్తులుగా పెంచిరి. ఆ దంపతులకు జీవితమున స్వంతమని చెప్పుకొన నున్న యిల్లు ఇదియొక్కటే. నలుగురు కుమారులలో ముగ్గురు ఇక్కడ పుట్టిరి. ఎడ్వర్డు అను బిడ్డ నాలుగేండ్లు నిండకయే 1850లో ఇక్కడనే పోయెను. పెద్దకుమారుడగు రాబర్టు 1887లో ఈ యింటిని రాష్ట్రమునకు దానమిచ్చుచు, దీనిని చక్కగా కాపాడవలెననియు, చూడవచ్చినవారియొద్ద రుసుము పుచ్చుకొనరాదనియు నియమము పెట్టెను. అది నేటికిని నడచుచున్నది. వంటయింటిలోని యినుప పొయ్యిని, పిల్లల పడకగదిని, లింకను వ్రాసుకొన్న చిన్న బల్లను చూచితిమి. ఆరడుగుల నాలుగంగుళముల మనిషి ఆ బల్లయొద్ద మోకాళ్లను ఎట్లు ముడుచుకొనెనో మాకు బోధపడలేదు. 1971లో ఈ తావు జాతీయ చారిత్రకస్థలమైనది. చుట్టునున్న వీధులలోనికి బండ్లను రానీయక, నడచువారికై కొయ్యపలకలు పఱచియున్నారు. ఆ పలకలమీద రాలిన యాకులు త్రొక్కుచు పోవువానికి 1860వ సంవత్సరము మరల వచ్చినట్లే తోచును.

ఇంతవఱకు అందఱును చూచునదే. ఆ వీధిలోనే, లింకను గుమ్మమునకు కూతవేటు దూరమున, ఇల్లు లేని యొక ఖాళీ స్థలమున్నది. అది జేమ్సను జెంకిన్సు అను నల్లజాతివాని నివాసస్థలము. అతడు బండి తోలుకొని బ్రదుకువాడు. 1850 జనవరిలో దక్షిణరాష్ట్రములనుండి పారిపోయి వచ్చిన బానిసలు కొందఱిని ఈ పట్టణము దాటించుటలో అతని చేయి కలదు. నాడు అది చట్టవిరుద్ధమైన పని. పట్టుబడినచో స్వేచ్ఛగా బ్రదుకుచున్న నల్లవానికి కలుగు గతి యేమో యూహింపవచ్చును. పదునొకండేండ్లకు, 1861 ఫిబ్రవరి 11వ తేదీ, తుంపర పడుచున్న చలి యుదయమున, దేశాధ్యక్షపదవికై బయలుదేరిన లింకనును తన బండిమీద రైలు స్టేషనునకు చేర్చినవాడు ఈ జెంకిన్సే. స్టేషనుయొద్ద లింకను చేసిన చిన్న వీడ్కోలు ప్రసంగమును అమెరికాలో బడిపిల్లలును నేర్తురు. ఈ యూరిలో తాను యువకుడుగా వచ్చి ముసలివాడనైతిననియు, బిడ్డ నొకని ఇచ్చటి మట్టిలో నుంచితిననియు, మరల వచ్చుట యెన్నడో, అసలు కలదో లేదో యెఱుగననియు దాని సారాంశము. ఆ ప్రసంగము నందఱు నెఱుగుదురు గాని, బండి తోలినవాని పేరెవ్వరు నెఱుగరు. మమ్ము వెంటబెట్టుకొని పోయిన తెలుగు విద్యార్థి ఈ యూరి విశ్వవిద్యాలయముననే రెండేండ్లుగా చదువుచున్నాడు. అతడును ఆ పేరు వినలేదు.

మరియొక పొరుగువాడు విలియము ఫ్లోర్విలు. హెయిటీ ద్వీపమున పుట్టి, 1831లో ఈ ప్రాంతమునకు వచ్చి, మంగలి దుకాణము పెట్టి, భూములు కొనునంతటివాడయ్యెను. అతని భూవ్యవహారములను చక్కపెట్టిన వకీలు లింకనే. ఊరివారికి ఆ దుకాణము కబుర్ల కొలువుకూటము. లింకను అచ్చట కథలు చెప్పి నవ్వించుచుండెనట. 1863 డిసెంబరులో, యుద్ధము భీకరముగ సాగుచుండగా, ఫ్లోర్విలు అధ్యక్షునికి ఉత్తరము వ్రాసెను. దాస్యవిమోచన ప్రకటనకు తన జాతివారి కృతజ్ఞతను తెలిపెను. దానితోపాటు మీ యిల్లు బాగున్నదనియు, చిన్నవానితో వాని కుక్క క్షేమమని చెప్పుడనియు వ్రాసెను. దేశాధ్యక్షునికి వచ్చిన వేలకొలది జాబులలో ఈ కుక్క సమాచారము గల జాబు మాకు ఎక్కువ ప్రియమైనది. పొరుగువాడు తప్ప మఱెవ్వడు నట్టి మాట వ్రాయడు.

ఇట్టి పొరుగువారు ఉండిన రాష్ట్రము చట్టము ఎట్లుండినది? ఇల్లినాయి పేరునకు బానిసత్వము లేని రాష్ట్రము. అయినను నల్లవానికి వోటు లేదు. తెల్లవానికి వ్యతిరేకముగ నల్లవాడు న్యాయస్థానమున సాక్ష్యమీయరాదు. 1853లో చేసిన శాసనము మరియు నిష్ఠురమైనది. దాని ప్రకారము వెలుపలినుండి వచ్చిన నల్లవాడు పదిదినములకు మించి ఈ రాష్ట్రమున నిలిచినచో ఏబది డాలర్ల జరిమానా. చెల్లింపలేనిచో అతని చాకిరిని వేలము వేయుదురు. ఈ నల్లశాసనములు రద్దయినది 1865 ఫిబ్రవరిలో. ఆ నెల 1వ తేదీననే, బానిసత్వమును దేశమంతట రూపుమాపు పదుమూడవ రాజ్యాంగసవరణను అన్ని రాష్ట్రములకంటె ముందు ఆమోదించిన కీర్తి ఇల్లినాయిదే! నిన్నటిదాక వాకిట గొళ్లెము వేసికొన్నవాడు నేడు అన్నసత్రమునకు ముందుగా చందా వ్రాసినట్లున్నది.

లింకను సయితము పుట్టుకతోనే మహాత్ముడు కాడు. 1841లో నాన్సు అను నల్లజాతి స్త్రీ బానిస కాదని రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానమున వాదించి గెలిచిన ఆతడే, 1847లో మాట్సను అను బానిసల యజమాని పక్షమున వకాల్తా పట్టి, ఓడిపోయెను. ఓడిపోవుట మేలైనది, ఒక తల్లియు ఆమె బిడ్డలును స్వేచ్ఛ పొందిరి. 1858 జూనులో స్ప్రింగుఫీల్డు పాతశాసనసభాభవనమున, సగము బానిసత్వముతోను సగము స్వేచ్ఛతోను దేశము కలకాలము నిలువజాలదని చాటిన నోటితోనే, ఆ సెప్టెంబరులో ఛార్లెస్టను సభయందు, తెల్లవారికిని నల్లవారికిని సాంఘిక రాజకీయ సమానత్వము తాను కోరువాడను కానని చెప్పెను. 1862లో నల్లజాతి ప్రతినిధులను పిలిపించి, మీరు మఱియొక దేశమునకు వలసపోవుట మేలని హితవు పలికెను. 1865 ఏప్రిలు 11వ తేదీన చేసిన కడపటి ప్రసంగములోగాని, చదువుకొన్న నల్లవారికిని, సైనికులై పోరాడిన నల్లవారికిని వోటు నిచ్చుట తనకిష్టమని బహిరంగముగ పలుకలేదు. ఆ మాటను విన్నవారిలో నొకడే మూడవనాడు ఆతనిని కాల్చెను. ఇవి యన్నియు చెప్పుట ఆతని గౌరవమును తగ్గించుటకు కాదు. ఇరువదియేండ్లలో ఆతడంత దూరము నడచినాడు. ఆతని పట్టణము ఎంత దూరము నడచెనన్నదే ప్రశ్న.

పట్టణమునకు ఉత్తరముగ ఓకురిడ్జి యను శ్మశానవాటికలో ఆతని సమాధి కలదు. 1874 అక్టోబరు 15వ తేదీన అధ్యక్షుడు గ్రాంటు ఎదుట ప్రతిష్ఠ జరిగినది. నడుమనున్న స్తంభము నూటపదునేడడుగుల యెత్తు. దీనికి ముందటి యేడే, 1873లో, మన పూనా నగరమున జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి' గ్రంథమును, బానిసలను విడిపించిన అమెరికా సజ్జనులకు అంకితము చేసియుండెను. సముద్రములకావల నున్న యొక మాలి కులస్థుడు ఆ కార్యము విలువను కనిపెట్టినంతగా, దాని నడుమనున్నవారు కనిపెట్టిరో లేదో! 1876 నవంబరు 7వ తేదీ రాత్రి, దొంగనాణెములవారి ముఠా యొకటి లింకను శవమును దొంగిలించి, రెండులక్షల డాలర్లు విలువ కట్టి, చెఱలోనున్న తమవాని నొకని విడిపించుకొనవలెనని సమాధిలో చొరబడి విఫలమైనది. ఇటువంటి భయముల వలన ఆ పెట్టెను పలుమారులు చోటుమార్చి, తుదకు 1901లో పదియడుగుల లోతున కాంక్రీటులో పూడ్చిరి. సమాధి ముందర లింకను తల యొకటి కంచుతో చేసినది యున్నది. వచ్చినవారెల్ల శుభమగునని దాని ముక్కును నిమురుదురు. తలయంతయు నల్లబడియుండ ముక్కొకటి బంగారమువలె మెఱయుచున్నది. రాతి నందిని తాకి కన్నుల కద్దుకొను మనకు ఇది క్రొత్తగాదు. తాకిన దేవుడు చెప్పిన మాటయు వినవలెనను నియమము అక్కడను లేదు, ఇక్కడను లేదు.

1908 ఆగస్టు వఱకు ఇట్లు గడచినది. 1910 జనాభా లెక్కలలో ఈ పట్టణమున 51,678 మంది యుండిరి. నల్లజాతివారు నూటికి ఆరుగురికి మించరు. ఆ వేసవిలో జో జేమ్సు అను నల్లవానిపై హత్యానేరము మోపబడెను. ఆగస్టు 14వ తేదీ, తనను నల్లవాడొకడు చెఱచెనని తెల్లజాతి యిల్లాలొకతె చెప్పి, జార్జి రిచర్డ్సను అను పనివానిని చూపెను. ఇద్దఱును జైలులోనుండిరి. సాయంకాలమునకు జైలుముందు వేలజనము గుమిగూడి వారిని తమకప్పగింపుమని కేకలు వేసిరి. షరీఫు అగ్నిమాపకశకటములను వీధిలోనికి పంపించి జనుల దృష్టి మరల్చి, హ్యారీ లోపరు అను భోజనశాల యజమాని మోటారులో ఇద్దఱిని వెనుకదారిని ఊరు దాటించెను. ఇది తెలిసిన మూక మొదట లోపరు భోజనశాలపై బడి, అద్దము మిగులకుండ పగులగొట్టి, మోటారును తగులబెట్టెను. అతడు తెల్లవాడే.

తరువాత నల్లవారి దుకాణములపై బడిరి. దుకాణముల వెనుక వారి యిండ్ల వాడకు నిప్పంటించిరి. నిప్పార్పవచ్చినవారి గొట్టములను కోసివైచిరి. ఆ వాడలో తెల్లవారి యిండ్లును కొన్ని కలవు. ఆ యిండ్లవారు గుమ్మమునకు తెల్లగుడ్డ నొకదానిని వ్రేలాడగట్టిరి. గుడ్డయున్న యిల్లు మిగిలినది. లేని యిల్లు బూడిదయైనది. మన యూళ్లలో ఏ యిల్లు ఎవరిదో తెలిసికొనుటకు అట్టి గుడ్డకూడ నక్కఱలేదని చదువరులెఱుగుదురు. ఆ తెల్లవారుజామున స్కాటు బర్టను అను మంగలిని ఇంటినుండి యీడ్చి, చంపి, చెట్టునకు వ్రేలాడదీసిరి. లింకను పేరు చెప్పియే వారు నల్లవారిని తిట్టిరట! ఆతడు మీకు విడుదల నిచ్చెను గదా, మీ చోటేదో మేము చూపెదమని కేకలు వేసిరని పట్టణమునకు వచ్చి విచారించిన యొక పత్రికారచయిత వ్రాసెను.

రాష్ట్రసైనికులు వచ్చియుండగనే, మఱునాటి రాత్రి, శాసనసభాభవనమునకు కొలదిదూరముననున్న మఱియొక యింటిని మూక చుట్టుకొనెను. అది విలియము డానెగను ఇల్లు. అతడు ఎనుబదియేండ్ల వృద్ధుడు, చెప్పులు కుట్టువాడు. పడుచుతనమున, జెంకిన్సువలె, పారిపోయి వచ్చిన బానిసలను దాచి దాటించినవాడు. లింకనునకు చెప్పులు కుట్టి యిచ్చెనని పట్టణమున చెప్పుకొనుచుందురు. అతడెవరికి నేమి యపకారము చేసెను? అతనికి స్వంత ఇల్లు కలదు; కొంత సొమ్ము కలదు; ముప్పదియేండ్లకు పైగా కాపురము చేసిన భార్య తెల్లజాతి స్త్రీ. ఇంతకుమించి కారణము మాకు కనబడలేదు. ముసలివాని వాకిటిలోనికి లాగి, గొంతు కోసి, వీధికావల నున్న బడితోటలో చెట్టునకు కట్టిరి. సైనికులు వచ్చి త్రాడు కోసినపుడు ప్రాణమింకను ఉండెను. మఱునాడు పోయెను.

ఇక న్యాయము జరిగిన తీరు. తనను చెఱచినవాడు రిచర్డ్సను కాడని ఆ యిల్లాలు కొన్ని వారములకే ఒప్పుకొనెను, అతనిని విడిచిపెట్టిరి. జేమ్సును అక్టోబరు 23వ తేదీన ఉరితీసిరి. మూకలోనివారిపై నూటికి మించిన అభియోగములు వచ్చినవి. నెలలతరబడి విచారణలు సాగిన మీదట, శిక్షపడినది ఒక్కనికి. అదియు హత్యకు గాదు, ఒక కత్తిని దొంగిలించినందుకు. సాక్షులు లేకపోలేదు. పట్టపగలువలె మండుచున్న యిండ్ల వెలుగులో వేలజనము చూచిరి. చూచినవారందఱును ఇరుగుపొరుగువారే, అదియే చిక్కు.

ఈ యుదంతము దక్షిణరాష్ట్రములలో జరిగియుండినచో వార్తాపత్రికలు నాలుగు పంక్తులతో సరిపుచ్చెడివి. లింకను ఇంటికి కాలినడక దూరమున జరుగుటచేత ఉత్తరదేశపు సజ్జనులకు సిగ్గుతోచెను. విలియము ఇంగ్లీషు వాలింగు అను రచయిత స్ప్రింగుఫీల్డునకు పోయి చూచి, సెప్టెంబరు 3వ తేదీన 'ఇండిపెండెంటు' అను పత్రికలో వ్యాసము వ్రాసి, నల్లవారికి తోడుపడుటకు పెద్దదియు బలమైనదియునగు సంఘమేది యని యడిగెను. న్యూయార్కులో సంఘసేవ చేయుచుండిన మేరీ వైటు ఓవింగ్టను అను విదుషి ఆ ప్రశ్న చదివి, వెంటనే అతనికి ఉత్తరము వ్రాసెను. ఒక స్త్రీ వ్రాసిన యా జాబునుండి పుట్టినదే నల్లజాతివారి అభ్యుదయమునకై యేర్పడిన జాతీయసంఘము. 1909 ఫిబ్రవరి 12వ తేదీన, లింకను శతజయంతి నాడు, దాని పిలుపు వెలువడెను. లింకను మరల వచ్చి చూచినచో ఈ దేశమును గూర్చి యేమనుకొనునని ఆ పిలుపు ప్రశ్నించెను. సంతకములు చేసినవారిలో నల్లజాతి మేధావి డుబోయిసు, మూకహత్యలను గూర్చి ప్రాణములకు తెగించి వ్రాసిన ఐడా వెల్సు మొదలగువారు కలరు. 1954లో బడులలో జాతిభేదము చెల్లదని దేశపు సర్వోన్నతన్యాయస్థానముచేత పలికించినది ఈ సంఘపు వకీళ్లే. ఈ సంఘమున మరల పనిచేయుచుండిన డుబోయిసునకే 1946లో మన అంబేడ్కరు జాబు వ్రాసి, అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పంపిన విన్నపము ప్రతిని కోరెను. అస్పృశ్యుల తరఫున తామును అట్టి పని చేయదలచుచున్నట్లు అందు తెలిపెను. డుబోయిసు సానుభూతితో ప్రత్యుత్తరమిచ్చెను.

ఆ శతజయంతి నాడు స్ప్రింగుఫీల్డులో ఏమి జరిగినది? గొప్ప విందు జరిగినది. ఇంగ్లండు, ఫ్రాన్సు రాయబారులు వచ్చి లింకనును పొగడిరి. ఆ విందునకు నల్లజాతివారిని రానీయలేదు. వారు తమ ప్రార్థనామందిరమున వేఱుగా లింకను జయంతి జరుపుకొనిరి. ఇండ్లు కాలి ఆరు నెలలు.

పట్టణము ఆ రెండు రాత్రులను మఱచిపోవుటకు పూనుకొనెను. మూకను పురికొల్పినదానికంటె ఈ మఱపే మాకు విచారకరముగ దోచినది. మూకకు ఒక రాత్రి ఆవేశమున్నది. మఱపునకు తరముల పట్టుదల కావలెను. 1911లో పురపాలనము మారి, వార్డులవారి యెన్నికలకు బదులు ఊరంతయు కలిసి కొద్దిమంది కమిషనర్ల నెన్నుకొను పద్ధతి వచ్చెను. ఇది లంచగొండితనమును మాన్పు సంస్కరణమని పేరు పొందెను. కాని ఆ పద్ధతి సాగిన కాలమంతయు నల్లజాతివాడొక్కడును పురపాలకసభలో కూర్చుండలేదు. డెబ్బదియైదేండ్లు గడచిన పిమ్మట, 1987లో, న్యాయస్థానము తీర్పుమూలమున వార్డులు మరల వచ్చినవి. సంస్కరణమను పేరు ధరించి వచ్చిన ప్రతిదానిని సంస్కరణమని నమ్మరాదనుటకు ఇంతకంటె నిదర్శనము మాకు తెలియదు. 1990 దశాబ్దిలో బడిపిల్లలిద్దఱు పాఠములో ఈ యుదంతము చదివి, ఊరిలో ఎచ్చటను దీని గుర్తు లేదేమని అడిగి, సంతకములు సేకరించిన మీదటగాని ఫలకములు నాటబడలేదు.

2014లో రైలుమార్గము పనికై త్రవ్వుచుండగా, నేలక్రింద నాడు కాలిన యిండ్ల పునాదులు అయిదు బయటపడినవి. ఎవరును వాటిని దాచలేదు. నూఱేండ్లకు పైగా ఎవరును వెదకలేదు. 2024 ఆగస్టు 16వ తేదీన అధ్యక్షుడు బైడెను ఆ తావును జాతీయ స్మారకచిహ్నముగ ప్రకటించెను. దానికి నెలదినములు ముందు, జూలైలో, ఆ పట్టణపు పొలిమేరలోనే, భయపడి సాయమునకై తానే పోలీసును పిలిచిన నల్లజాతి స్త్రీ నొకతెను, షరీఫు కొలువులోని యుద్యోగి ఆమె వంటయింటిలోనే కాల్చి చంపెను. డానెగను తమ వంశమువాడని ఆమె కుటుంబమువారు చెప్పిరి. ఈ హత్యకు మాత్రము అపరాధి తప్పించుకొనలేదు. 2025 అక్టోబరులో న్యాయసంఘము అతనిని దోషిగ నిర్ణయించెను.

డానెగను ఇల్లుండిన మూలను చూడగోరి, లింకను ఇంటినుండి పడమరగా నడచితిమి. ఇరువది నిమిషములకు మించలేదు. దారిలో నాటి యిండ్లు కొన్ని, వాహనములు నిలుపు మైదానములు కొన్ని, కచేరీలనుండి ఇండ్లకు పోవు ఉద్యోగులు కొందఱు. ఎండుటాకులను యంత్రముతో ఊది ప్రోగుచేయుచున్న పనివానిని అడుగగా, అతడు యంత్రమునాపి, వీధి పేరు మరల చెప్పుమని, చేతితో చూపెను. అచ్చట నిలుచుండి చూచినచో, ఆకులు రాలిన చెట్ల సందునుండి శాసనసభాభవనపు గుమ్మటము స్పష్టముగ కనబడును. అప్పటికే దీపములు వెలిగించియుండిరి.